అసలు బ్యాటరీ వరంగల్‌కు ఎప్పుడొస్తుంది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి, ఆ శాఖ ఉన్నతాధికారులకు



మొబైల్ ఫోన్లకు మరమ్మతు సూచీ ఎలా ఉండాలో చెబుతూ భరత్ ఖేరా కమిటీ 2025 మే నెల మొదట్లో మీకు నివేదిక ఇచ్చింది. ఫోను విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, వాటి ధరెంత, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయి అన్నవి లెక్కగట్టి ప్రతి మోడల్‌కూ మార్కులుండాలన్నది అందులోని సారాంశం. ఆలోచన మంచిదే. కానీ ఆ మార్కులు వేసేదెవరు? ఫోను తయారుచేసిన కంపెనీయే. తన వివరాలు తానే నింపి, తన మార్కులు తానే లెక్కేసుకుని, తానే ప్రకటించుకుంటుంది. పైగా ఇందువల్ల కంపెనీల మీద అదనపు భారం ఏమీ పడదని భరోసా కూడా ఇచ్చారు. ఎప్‌సెట్ రాసిన పిల్లలు తమ పేపర్లు తామే దిద్దుకుని ర్యాంకులు చెప్పుకుంటే ఏ కాలేజీ అయినా సీటిస్తుందా?

కంపెనీ మోయని భారం గాలిలో కలిసిపోదు. ఫోను కొనుక్కున్నవాళ్ల నెత్తిన పడుతుంది. అది ఎంత బరువో తెలియాలంటే హనుమకొండ చౌరస్తాలో ఏ సెల్ రిపేర్ దుకాణం ముందైనా కాసేపు నిలబడితే చాలు. అక్కడ పత్తి సీజన్‌లో రోజూ వినిపించే మాటలివి.

“తమ్మీ, పొద్దుగాల ఫుల్లు చార్జింగ్ పెట్టుకొని బయల్దేరిన. పది గాకముందే బందయింది.”

“బందయ్యేముందు ఎంత చూపెట్టింది కాకా?”

“ముప్పై ఉండె. మళ్ల చార్జర్ పెట్టంగనే అదే ముప్పై చూపెడుతున్నది.”

మెకానిక్‌కు సగం సంగతి అక్కడే అర్థమవుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడితే నిల్వ తగ్గడం ఒక్కటే కాదు, లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, కాల్ కలిసినప్పుడో ఫోను ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజి పడిపోతుంది. ఇక నడవలేనని ఫోను తనంతట తాను ఆగిపోతుంది. తెర మీద ముప్పై శాతం ఉండీ ఫోను చేతిలో చల్లబడిపోవడానికి కారణం ఇదే.

అయినా మంచి మెకానిక్ వెంటనే బ్యాటరీ మార్చమనడు. ముందు చార్జింగ్ రంధ్రంలో సన్నటి పిన్ను పెట్టి తీస్తాడు. పత్తి రైతు చొక్కా జేబులో తిరిగిన ఫోనైతే నూగు ఉండలుగా బయటికొస్తుంది. తర్వాత కేబుల్ మార్చి చూస్తాడు. చార్జర్‌కూ ఫోనుకూ మధ్య చిన్న మీటరు తగిలించి ఎన్ని ఆంపియర్లు ఎక్కుతున్నాయో గమనిస్తాడు. సెట్టింగుల్లోకి వెళ్లి ఏ యాప్ బ్యాటరీని తాగేస్తోందో వెతుకుతాడు. “ఏ ఊరు కాకా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్న పలకరింపు కోసం కాదు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి పల్లెల్లో సిగ్నల్ సరిగా లేనిచోట ఫోను టవర్ కోసం ఎక్కువ శక్తితో వెతుకుతూ ఊరికే ఖాళీ అవుతుంది. ఇవేవీ కాకపోతేనే వెనక పలకను వేడిచేసి విప్పుతాడు. బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి బల్ల మీది డీసీ సప్లై నుంచి కరెంటిస్తాడు. స్విచ్ నొక్కకముందే ముల్లు కదిలితే తప్పు బోర్డుది, బ్యాటరీది కాదు.

ఇంత ఓపిగ్గా రోగం పట్టుకున్నాక మందు దొరకాలి కదా? సమస్య అక్కడే మొదలవుతుంది.

ఆ పెద్దమనిషి ముందు మూడు దారులుంటాయి. మొదటిది కంపెనీ సర్వీస్ సెంటర్. స్టాకు ఉంటే పని అయిపోతుంది. లేకపోతే పార్టు తెప్పించాలి, ఫోను వదిలివెళ్లండి అంటారు. ఫోను వదిలేస్తే ఓటీపీ ఎక్కడికొస్తుంది? 2025-26 సీజన్‌లో మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలని కాటన్ కార్పొరేషన్ నిబంధన పెట్టింది. ఎనుమాముల మార్కెట్ చుట్టూ తిరిగే రైతుకు ఫోను ఆగిందంటే పత్తి బండి ఆగినట్టే. ఎంజీఎం ఆసుపత్రి వార్డు బయట కూర్చున్న అటెండెంటుకు ఇంటికి చెప్పుకునే దారి ఉండదు. కాజీపేటలో రైలెక్కేవాడి టికెట్టు ఆ ఫోనులోనే ఉంటుంది. కూరగాయలమ్మే ఆమెకు వచ్చే డబ్బూ అందులోకే వస్తుంది. ప్రభుత్వ సేవలన్నీ ఫోనులోకి ఎక్కించిన ప్రభుత్వమే, ఆ ఫోనును నడిపించే భాగం దొరకడాన్ని కంపెనీల ఇష్టానికి ఎలా వదిలేస్తుంది?

రెండోది వేరే తయారీదారు బ్యాటరీ. వీటిలో నాణ్యమైనవీ ఉన్నాయి. కొన్ని మోడళ్లలో ఏళ్ల తరబడి నడిచేవీ ఉన్నాయి. చిక్కేమిటంటే మంచిదీ చెడ్డదీ ఒకే అద్దాల బల్ల మీద పక్కపక్కనే, ఒకేలాంటి స్టిక్కర్లతో ఉంటాయి. “ఒరిజినల్ కావాల్నా, కాపీ నడుస్తదా?” అని అడిగే దుకాణదారుకు కూడా ఆ ఒరిజినల్ నిజంగా ఎక్కడ పుట్టిందో తెలియదు. రాష్ట్రంలో చాలా ఊళ్లకు సరుకు వెళ్లే హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో నకిలీ బ్రాండ్ సామాను కోసం పోలీసులు దాడులు చేసిన సందర్భాలున్నాయి. ఆ దాడులు బ్రాండు యజమాని హక్కును కాపాడతాయి. నకిలీ బ్యాటరీని జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాడిని ఎవరు కాపాడతారు?

మూడోది, బోర్డు కాలిపోయిన ఇంకో ఫోనులోంచి తీసిన బ్యాటరీ. కంపెనీదే, కాకపోతే వాడింది. దాని వయసెంతో, ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో చెప్పేవాళ్లు లేరు. కొన్ని ఖరీదైన ఫోన్లలో ఇలా అదే మోడల్ నుంచి తీసిన అసలు బ్యాటరీ వేసినా ‘గుర్తుతెలియని భాగం’ అని తెర మీద హెచ్చరిక వస్తుంది. అమ్మిన సరుకు మీద అమ్మినవాడి పెత్తనం ఎంతకాలం సాగాలి?

నకిలీ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీని 3.85 వోల్టులతో లెక్కగడితే 19 వాట్ అవర్ల పైచిలుకు వస్తుంది. ఇప్పటి సాంకేతికతలో అంత శక్తిని పట్టే సెల్ దాదాపు 70 గ్రాములు తూగాలి. అదే పొడవు, అదే మందం ఉన్న బ్యాటరీ చేతికి తేలిగ్గా తగులుతూ, పైన మాత్రం 6,000 అని రాసి ఉంటే అది అబద్ధం. అనుభవమున్న మెకానిక్ అరచేతిలో పెట్టుకుని చెప్పేస్తాడు. తలభాగంలో పసుపు టేపు కింద వేలెడంత సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మితిమీరి చార్జింగ్ ఎక్కినా, షార్ట్ అయినా సెల్‌ను విడదీసేది అదే. దాని పక్కనే వేడిని కొలిచే థర్మిస్టర్ ఉంటుంది. కొన్ని నకిలీల్లో థర్మిస్టర్ బదులు మామూలు రెసిస్టర్ అతికిస్తారు. బ్యాటరీ ఎంత కాగిపోతున్నా ఫోనుకు మాత్రం అంతా చల్లగా ఉన్నట్టే కబురందుతుంది. మేలో 43 డిగ్రీల ఎండలో బైకు హ్యాండిల్ మీద ఫోను బిగించుకుని తిరిగే డెలివరీ కుర్రాడి ముందు ఉండేది ఇలాంటి బ్యాటరీయేనేమో. ఈ తనిఖీ మెకానిక్ చేతికి సాధ్యమైనప్పుడు మీ యంత్రాంగానికి ఎందుకు సాధ్యం కాదు?

అధికారం లేదని మీరు అనలేరు. లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం ఉంది. నమోదు తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఆ భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) మీ శాఖ కిందిదే. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, తయారైన నెల, గరిష్ఠ ధర ఉండాలని చెప్పే 2011 తూనికలు కొలతల నిబంధనలూ మీవే. 2020 జూలైలో ఏర్పడ్డ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మీ పరిధిలోదే. ఫిర్యాదులు తీసుకునే 1915 నంబరూ మీదే. ఇన్ని ఒక్క కప్పు కింద ఉండగా, తయారీ తేదీ లేని, ధర లేని, ఊరూ పేరూ లేని బ్యాటరీ పాలిథిన్ కవరులో హనుమకొండ దాకా ఎలా వస్తోంది?

తయారీ తేదీ చిన్న విషయం కాదు. లిథియం సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది. సీలు తీయని అసలు బ్యాటరీ అయినా మూడేళ్లు గోదాములో పడి ఉంటే కొత్తదానిలా నిలవదు. పాత మోడళ్లకు ఎక్కువగా దొరికేది ఇదే సరుకు.

తయారీ వివరాలన్నీ బ్యాటరీ మీద ఉంటే ఏం జరుగుతుందో ఈ దేశం 2007లోనే చూసింది. ఆ ఏడాది ఆగస్టు 14న నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీల మీద ప్రపంచమంతటా హెచ్చరిక జారీ చేసింది. 2005 డిసెంబర్, 2006 నవంబర్ మధ్య మత్సుషిటా కంపెనీ తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదముందని చెప్పింది. నోకియా 1100 లాంటి ఫోన్లు ఇంటింటా ఉన్న కాలమది. జనం భయపడ్డ మాట నిజమే. కానీ వెనక మూత తీసి, బ్యాటరీ మీదున్న 26 అక్షరాల సంఖ్యను సరిచూసుకుంటే తన బ్యాటరీ ఆ జాబితాలో ఉందో లేదో తేలిపోయేది. ఉంటే ఉచితంగా కొత్తది వచ్చేది. విప్పడానికి హీట్ గన్ అక్కర్లేదు, మెకానిక్ అక్కర్లేదు. బొటనవేలి గోరు చాలు. ఇవాళ వరంగల్ బజారులో ఒక లాటు బ్యాటరీలు ప్రమాదకరమని తేలితే మీరు ఎవరిని వెనక్కి ఇవ్వమని అడుగుతారు? ఏ సంఖ్య చెప్పి అడుగుతారు?

బ్యాటరీ ధర ఎంత పనిచేస్తుందో 2017 డిసెంబర్‌లో బయటపడింది. పాతబడ్డ బ్యాటరీలున్న ఐఫోన్లను సాఫ్ట్‌వేర్‌తో నెమ్మది చేస్తున్నామని ఆపిల్ ఒప్పుకుంది. విమర్శలు ముంచెత్తాక అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. భారత్‌లోనూ సుమారు 6,500 రూపాయలున్నది 2,000కు వచ్చింది. ఒకే బ్యాటరీ, ఒకే పని. ధర మాత్రం మూడో వంతుకు దిగింది. మిగిలిన రెండు వంతులు అంతకుముందు ఎందుకు వసూలు చేసినట్టు? పది పన్నెండు వేల ఫోనుకు బ్యాటరీ ఖర్చు భయపెట్టే స్థాయిలో ఉంటే జనం కొత్త ఫోనుకే వెళతారు. వాయిదాల మీద వెళతారు. బ్యాటరీ ధరను ఫోను అమ్మేనాడే పెట్టె మీద అచ్చు వేయమని అడగడానికి అడ్డేమిటి?

ఫోను నీళ్లలో తడవకుండా ఉండాలంటే బ్యాటరీ లోపల అతికించక తప్పదని కంపెనీలు చెబుతాయి. 2024 ఫిబ్రవరిలో ఇదే దేశంలో విడుదలైన శామ్‌సంగ్ గెలాక్సీ ఎక్స్‌కవర్7కు ఐపీ68 రక్షణ ఉంది, చేత్తో తీసి మార్చుకునే బ్యాటరీ కూడా ఉంది. సంస్థల కోసం చేసిన ఫోనులో కుదిరినది సామాన్యుడి ఫోనులో ఎందుకు కుదరదో మీ కమిటీ ముందు ఏ కంపెనీ అయినా వివరించిందా?

విడిభాగాలు తమ సర్వీస్ సెంటర్లకే పరిమితమన్న వాదన ఈ దేశంలో ఒకసారి వీగిపోయింది కూడా. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకు దక్కకుండా బిగబట్టారన్నదే అభియోగం. జరిమానా మీద తర్వాత అప్పీళ్లు నడిచాయి. అయితే కారు విషయంలో తప్పని తేల్చిన పనిని ఫోను విషయంలో వ్యాపార రహస్యమని ఎందుకు ఊరుకుంటున్నారు? కారున్న ఇళ్లు ఊరికి కొన్ని ఉంటాయి. ఫోను లేని ఇల్లు వరంగల్‌లో వెతికినా దొరకదు.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలవుతున్న నిబంధనలు మీ అధికారులకు తెలియనివి కావు. అక్కడ అమ్మే ఫోను బ్యాటరీ 800 సార్లు నిండి ఖాళీ అయ్యాక కూడా కనీసం 80 శాతం నిల్వ చూపాలి. మోడల్ అమ్మకం ఆగిపోయాక ఏడేళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. వాటి ధరలు అందరికీ కనబడేలా వెబ్‌సైట్లో ఉండాలి. బ్యాటరీ తయారీ తేదీ, ఎన్ని చార్జింగులు అయ్యాయి, ఎంత ఆరోగ్యం మిగిలింది అన్నవి సెట్టింగుల్లోనే చూసుకోవచ్చు. అవే కంపెనీలు అదే సమాచారాన్ని ఇక్కడి కొనుగోలుదారుకు ఎందుకు చూపించకూడదు? ప్రయోగశాలలు సాధారణంగా 25 డిగ్రీల దగ్గర బ్యాటరీ ఆయుష్షు కొలుస్తాయి. నలభై దాటే ఓరుగల్లు ఎండలో అది ఇంకా త్వరగా అరుగుతుంది. ఈ ఊరి ఎండకు సరిపడా పరీక్ష పెట్టాల్సిన బాధ్యత ఎవరిది?

బయటికి తీసిన బ్యాటరీ సంగతి మరో కథ. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అది పర్యావరణ శాఖ పని. కానీ చౌరస్తా దుకాణంలో ఉబ్బిన బ్యాటరీలు సొరుగులో ఇనుప రేకుల పక్కన పడి ఉంటాయి. సొరుగు నిండితే చెత్తబండిలోకి వెళతాయి, అక్కడి నుంచి మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డుకు. గుచ్చుకుంటే మంట లేచే సరుకును ఏ తొడుగూ లేని చేతులతో ఏరేది పారిశుద్ధ్య కార్మికులు. కొత్త బ్యాటరీ అమ్మిన కంపెనీయే పాతది వెనక్కి తీసుకోవాలని మీ సూచీలో ఒక్క మార్కు కేటాయించినా ఆ సొరుగు ఖాళీ అవుతుంది.

ఇదంతా మీ దృష్టికి రాలేదనుకోవడానికి లేదు. మొబైళ్లు, ట్యాబ్లెట్ల మీద జాతీయ హెల్ప్‌లైన్‌కు 2022-23లో 19,057 ఫిర్యాదులు వస్తే, 2024-25 నాటికి అవి 22,864 అయ్యాయి. ఇవి మీ శాఖ చెప్పిన అంకెలే. 1915కు ఫోను చేయాలన్నా ముందు పనిచేసే ఫోను కావాలి. ఫిర్యాదు చేయకుండా రెండో నకిలీ, మూడో నకిలీ వేయించుకుని చివరకు ఫోనే మార్చేసిన వాళ్లు ఆ అంకెల్లో లేరు. 2022 డిసెంబర్ 24న మీరు ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో కంపెనీల చిరునామాలు, సంప్రదింపు వివరాలు ఉన్నాయి. చిరునామాతో బ్యాటరీ రాదు కదా?

మీ కమిటీయే బ్యాటరీని ముఖ్యమైన విడిభాగాల జాబితాలో పెట్టింది. ఆ మాటకు కట్టుబడితే చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. కంపెనీ వేసుకున్న మార్కులను బీఐఎస్ గానీ, మరో స్వతంత్ర ప్రయోగశాల గానీ సరిచూడాలి. తప్పుడు మార్కులు ప్రకటిస్తే జరిమానా ఉండాలి. బ్యాటరీని సర్వీస్ సెంటర్‌కే కాక అడిగిన ప్రతి రిపేర్ దుకాణానికీ ప్రకటించిన ధరకు అమ్మాలి. మోడల్ ఆగిపోయాక కూడా నిర్ణీత ఏళ్ల పాటు అమ్మాలి. ప్రతి బ్యాటరీ మీద తయారీ నెల, నమోదు సంఖ్య, గరిష్ఠ ధర ఉండాలి. ఫోను సెట్టింగుల్లో బ్యాటరీ ఆరోగ్యం కనిపించాలి. నమోదున్న వేరే తయారీదారు బ్యాటరీ వేసినంత మాత్రాన ఫోను బెదిరించకూడదు, మిగతా భాగాల వారంటీ రద్దు కాకూడదు.

‘విడిభాగం దొరుకుతుంది’ అన్న గడిలో టిక్కు పెట్టే ముందు ఆ దొరకడాన్ని ఎక్కడ కొలుస్తారో కూడా ఉత్తర్వులో రాయండి. ఢిల్లీ, బెంగళూరు సర్వీస్ సెంటర్లలో దొరికితే వరంగల్‌లో దొరికినట్టు కాదు. జిల్లా కేంద్రంలో ఎన్ని పనిదినాల్లో బ్యాటరీ చేతికందుతుందన్నదే కొలతగా పెట్టండి. సూచీని స్వచ్ఛందంగా వదిలేస్తారా, తప్పనిసరి చేస్తారా? తప్పనిసరి చేస్తే పైన అడిగిన షరతుల్లో ఏవేవి ఉంటాయి, ఏ తేదీ నుంచి అమలవుతాయి? వీటికి మీ జవాబు తెలుగులో కూడా ప్రకటించాలని వరంగల్ వినియోగదారులు కోరుతున్నారు.

ఇట్లు,
వరంగల్ ఫోను వినియోగదారుల పక్షాన